ప్రాణం కాచే రెండో లెక్క

* ప్రమాదకర ఔషధాలను ఇద్దరు నర్సులు విడివిడిగా సరిచూడాలి
* సంతకాలకే పరిమితమైతే ప్రయోజనం శూన్యం
* ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం, మెగ్నీషియం విషయంలో అప్రమత్తత తప్పనిసరి

అర్ధరాత్రి దాటింది. మెడికల్ వార్డులో ఉన్న మధుమేహ రోగికి ఇన్సులిన్ ఇవ్వాల్సిన సమయమైంది. కేస్ షీట్‌లో వైద్యుడు రాసింది 10 యూనిట్లు. యూనిట్లకు గుర్తుగా పది పక్కనే వేసిన ఆంగ్ల అక్షరం 'యూ' తొందరలో పైభాగం మూసుకుపోయి సున్నాలా కనిపిస్తోంది. విధుల్లో ఉన్న నర్సు దాన్ని 100గా చదివింది. ఆ మేరకు మందు సిరంజిలోకి తీసింది. అది రోగి శరీరంలోకి వెళితే రక్తంలో చక్కెర ప్రమాదకర స్థాయికి పడిపోతుంది. రోగి స్పృహ కోల్పోయినా పక్కనున్న బంధువులకు గాఢనిద్రలో ఉన్నట్లే కనిపిస్తుంది. సరిగ్గా ఆ సమయంలో మరో నర్సు వచ్చి, కేస్ షీట్‌ను తన కళ్లతో చదివి, మోతాదును తానే లెక్కించి ఉంటే ఆ సిరంజి మంచం దాకా వెళ్లేది కాదు.

ఇది ఉదాహరణ కోసం చెప్పిన సన్నివేశం. అయితే ఇలాంటి పొరపాటుకు అతీతమైన ఆసుపత్రి ఎక్కడా ఉండదు. మందుల వాడకంలో జరిగే, నివారించదగిన తీవ్ర హానిని సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ప్రత్యేక కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఔషధ పొరపాట్ల వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా 4,200 కోట్ల డాలర్ల నష్టం వాటిల్లుతోందని అప్పట్లో అంచనా వేసింది. 2019 నుంచి ఏటా సెప్టెంబరు 17ను ప్రపంచ రోగి భద్రతా దినోత్సవంగా పాటిస్తుండగా, 2022లో ఔషధ భద్రతనే ప్రధానాంశంగా ఎంచుకున్నారు. ఈ పొరపాట్లను చివరి మెట్టు వద్ద ఆపగలిగే పద్ధతి ఒకటుంది. ప్రమాదకర ఔషధాన్ని ఇచ్చేముందు ఇద్దరు విడివిడిగా సరిచూడటమే ఆ పద్ధతి.

ఏవి ప్రమాదకర ఔషధాలు?

అన్ని మందులూ ఒకే తీరువి కావు. జ్వరం మాత్ర ఒకటి ఎక్కువైతే సాధారణంగా శరీరం తట్టుకుంటుంది. కొన్ని మందులు మాత్రం కాస్త హెచ్చుతగ్గయినా ప్రాణం మీదకు తెస్తాయి. వీటినే వైద్య పరిభాషలో 'హై అలర్ట్' ఔషధాలని పిలుస్తారు. ఇవి చెడ్డ మందులు కావు. నిత్యం ఎన్నో ప్రాణాలను నిలబెట్టేవీ ఇవే. పొరపాటు జరిగితే దిద్దుకునే వ్యవధి ఇవ్వకపోవడమే వీటితో వచ్చే చిక్కు. ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్, గాఢమైన పొటాషియం క్లోరైడ్, మార్ఫిన్ వంటి నొప్పి నివారిణులు, శస్త్రచికిత్స వేళ కండరాలను సడలించే మందులు, క్యాన్సర్ మందులు ఈ జాబితాలో ముందుంటాయి. ప్రసూతి వార్డులో గుర్రపువాతానికి వాడే మెగ్నీషియం సల్ఫేట్ కూడా ఈ కోవలోకే వస్తుంది.

ఇన్సులిన్: మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ప్రధానంగా రెండు గాఢతల్లో లభిస్తాయి. ఒక రకం సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, మరో రకంలో 100 యూనిట్లు ఉంటాయి. సిరంజిలూ రెండు రకాలు. 40 యూనిట్ల మందుకు వాడే సిరంజికి ఎర్ర మూత, 100 యూనిట్ల మందుకు వాడే సిరంజికి నారింజ రంగు మూత ఉంటాయి. 100 యూనిట్ల సీసాలోని మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత వరకు తీస్తే రోగికి అందేది 20 యూనిట్లు కాదు, 50 యూనిట్లు. అంటే రెండున్నర రెట్లు. అదే 40 యూనిట్ల మందును నారింజ మూత సిరంజిలో 20 గీత వరకు తీస్తే అందేది 8 యూనిట్లే. అప్పుడు చక్కెర అదుపులోకి రాదు. గీత సరిగ్గా ఉన్నా మోతాదు తప్పడం ఇక్కడి విచిత్రం.

హెపారిన్: మన మందుల దుకాణాల్లో దొరికే 5 మిల్లీలీటర్ల హెపారిన్ సీసాల్లో ఒక రకంలో మొత్తం 5 వేల యూనిట్లు, మరో రకంలో 25 వేల యూనిట్లు ఉంటాయి. సీసా పరిమాణం మాత్రం ఒక్కటే. 5 వేల యూనిట్లు ఇవ్వాలంటే మొదటి రకమైతే సీసా మొత్తం, రెండో రకమైతే ఒక్క మిల్లీలీటరు సరిపోతుంది. మొదటి రకానికి అలవాటుపడిన చేయి రెండో రకం సీసాను పూర్తిగా ఖాళీ చేస్తే అయిదు రెట్ల మందు వెళ్లిపోతుంది. అంతర్గత రక్తస్రావానికి అది చాలు.

పొటాషియం క్లోరైడ్: వాంతులు, విరేచనాలతో నీరసించిన రోగికి సెలైన్‌లో కలిపి గంటల తరబడి నిదానంగా ఎక్కించే మందిది. సాధారణంగా వాడే 10 మిల్లీలీటర్ల యాంపుల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం ఉంటుంది. చూడటానికి స్వచ్ఛమైన నీరులాగే ఉంటుంది. ఇంజక్షన్ పొడిని కరిగించే నీటి యాంపుల్ అనుకుని దీన్ని నేరుగా రక్తనాళంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. సెలైన్‌లో కలిపాక సీసాను తలకిందులు చేసి బాగా కలపకపోయినా ముప్పే. మందు అడుగున చేరి ఒక్కసారిగా లోపలికి వెళ్లే ప్రమాదం ఉంది.

మెగ్నీషియం సల్ఫేట్: గర్భిణులకు రక్తపోటు పెరిగి మూర్ఛలు వచ్చే గుర్రపువాతంలో తల్లీబిడ్డలను కాపాడే మందిది. విస్తృతంగా అనుసరించే ఒక పద్ధతిలో తొలి విడతగా 4 గ్రాములు రక్తనాళంలోకి, 5 గ్రాముల చొప్పున రెండు పిరుదుల్లోకి, మొత్తం 14 గ్రాములు ఇస్తారు. 50 శాతం గాఢత గల 2 మిల్లీలీటర్ల యాంపుల్‌లో ఉండేది ఒక గ్రాము. అంటే నాలుగు యాంపుల్స్‌లోని 8 మిల్లీలీటర్ల మందుకు 12 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ కలిపి, 20 మిల్లీలీటర్లుగా మార్చి నిదానంగా రక్తనాళంలోకి ఇవ్వాలి. ఒక పక్క గర్భిణి మూర్ఛలతో కొట్టుకుంటుండగా, మరో పక్క బంధువులు రోదిస్తుండగా వేయాల్సిన లెక్క ఇది. మోతాదు మించితే శ్వాస మందగిస్తుంది. అందుకే తదుపరి విడత ఇచ్చేముందు మోకాలి వద్ద తట్టినప్పుడు కాలు కదులుతోందా, శ్వాస నిమిషానికి 16కు తగ్గకుండా ఉందా, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకుండా వస్తోందా అన్నది చూడాలి. విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ చేతికందే దూరంలో ఉండాలి.

ఒకే పొరపాటు... రెండుసార్లు

ఆధునిక యంత్రాలు, తగినంత సిబ్బంది ఉన్నచోట ఇలాంటివి జరగవనుకుంటే పొరపాటే. 2006 సెప్టెంబరులో అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరంలోని ఒక ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు హెపారిన్ ఇచ్చారు. మిల్లీలీటరుకు 10 యూనిట్లుండే సీసాలు పెట్టాల్సిన అరలో 10 వేల యూనిట్ల సీసాలు చేరాయి. రెండింటి లేబుళ్లూ నీలం రంగు ఛాయల్లోనే ఉన్నాయి. ఆ అరలో ఎప్పుడూ సరైన మందే ఉంటుందన్న నమ్మకంతో వేర్వేరు నర్సులు వాటిని తీసి వాడారు. ఆరుగురు శిశువులకు వెయ్యి రెట్ల మోతాదు అందింది. వారిలో ముగ్గురు మరణించారు.

ఏడాది గడిచాక, 2007 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లోని ఓ ఆసుపత్రిలో అచ్చంగా ఇదే పొరపాటు పునరావృతమైంది. ఈసారి బాధితులు హాలీవుడ్ నటుడు డెనిస్ క్వైడ్ దంపతులకు అప్పుడే పుట్టిన కవల పిల్లలు. అదృష్టవశాత్తూ వారు బతికి బయటపడ్డారు. అనంతరం ఆయన 2008లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు సాక్ష్యమిచ్చి, రోగుల భద్రత కోసం గళమెత్తారు.

ఈ రెండు ఘటనల్లోనూ లేబుల్ మీద గాఢత స్పష్టంగానే ముద్రించి ఉంది. ఉండాల్సిన మందే ఉందని ముందే నమ్మిన కంటికి ఆ అంకె కనిపించలేదు. మనిషి కన్ను ఉన్నదాన్ని చూడటం కంటే ఉంటుందనుకున్నదాన్ని చూడటానికే ఎక్కువ అలవాటుపడుతుంది. ఇది నిర్లక్ష్యపరులకే వచ్చే జబ్బు కాదు. ఇరవయ్యేళ్ల అనుభవమున్న నర్సుకూ వస్తుంది. రెండో వ్యక్తి అవసరం ఇక్కడే ఏర్పడుతోంది.

'పది యూనిట్లే కదా సిస్టర్?'

రెండో వ్యక్తి ఉన్నంత మాత్రాన భద్రత సమకూరుతుందా అంటే లేదనే చెప్పాలి. చాలా వార్డుల్లో సరిచూడటం ఎలా సాగుతుందో నర్సులందరికీ తెలిసిందే. ఒకరు సిరంజి పట్టుకుని వచ్చి 'పది యూనిట్లే కదా సిస్టర్?' అని అడుగుతారు. తన పనిలో తలమునకలై ఉన్న రెండో నర్సు ఓసారి చూసి 'అవును' అంటుంది. రిజిస్టరులో రెండు సంతకాలు పడతాయి. కాగితం మీద ఇద్దరు సరిచూసినట్లే. వాస్తవానికి లెక్క వేసింది ఒక్కరే.

ప్రశ్నలోనే జవాబు ఉంటే రెండో మనిషి మెదడు ఆ జవాబు వైపే మొగ్గుతుంది. అనుభవజ్ఞురాలైన హెడ్ నర్సు తీసిన మందును కొత్తగా చేరిన అమ్మాయి కాదనడం మరీ కష్టం. ఆస్ట్రేలియాలో పిల్లల ఆసుపత్రిలో జరిపిన ఒక అధ్యయనం 2021లో ప్రచురితమైంది. ఇద్దరు తప్పనిసరిగా సరిచూడాల్సిన సందర్భాలను పరిశోధకులు పక్కనే ఉండి గమనించారు. అత్యధిక సందర్భాల్లో రెండో నర్సు ఉన్నారు. అయితే మొదటివారి జవాబు తెలియకుండా స్వతంత్రంగా లెక్కించినవి ఒక్క శాతమే. రెండో సంతకం వేరు, రెండో లెక్క వేరని ఈ అధ్యయనం తేటతెల్లం చేసింది.

సరిచూసే తీరు ఇదీ...

* మొదటి నర్సు వైద్యుడి ఆదేశాన్ని చదివి, మోతాదు లెక్కించి మందును సిద్ధం చేయాలి. తాను కట్టిన లెక్కను రెండోవారికి చెప్పకూడదు. ఖాళీ యాంపుల్‌ను, సీసాను పారేయకుండా ట్రేలోనే ఉంచాలి.

* రెండో నర్సు కేస్ షీట్‌ను తానే చేతిలోకి తీసుకుని చదవాలి. మందు పేరు, గాఢత, గడువు తేదీని లేబుల్ మీదే చూడాలి. మోతాదును విడిగా కాగితం మీద లెక్కించాలి. ఆ తర్వాతే సిరంజి వైపు చూడాలి.

* 'ఇది పది యూనిట్లే కదా?' అని కాకుండా 'ఇందులో ఎన్ని యూనిట్లు ఉన్నాయి?' అని అడగాలి. ఈ చిన్న మార్పు రెండోవారిని ఆలోచింపజేస్తుంది.

* రెండు లెక్కలు కలవకపోతే మందు అక్కడే ఆగాలి. ఎవరు సీనియర్ అన్న ప్రశ్న తలెత్తకూడదు. ఇద్దరూ మళ్లీ మొదటి నుంచి లెక్కించాలి. అప్పటికీ తేడా ఉంటే డ్యూటీ డాక్టరును గానీ, ఫార్మసిస్టును గానీ సంప్రదించాలి.

* సరిచూడటం నర్సుల గదితో ముగియదు. ఇద్దరూ మంచం వద్దకు వెళ్లి రోగి పేరు, ఐపీ నంబరు పోల్చుకోవాలి. మంచం నంబరును నమ్ముకోరాదు. సాయంత్రం ఆ మంచంపై ఉన్న రోగి రాత్రికి మారి ఉండవచ్చు. 'మీ పేరు ఫలానాయేనా?' అని అడిగితే మగత నిద్రలో ఉన్నవారు దేనికైనా తలూపుతారు. 'మీ పేరు చెప్పండి' అని అడగాలి.

* మందు ఏ గొట్టం ద్వారా వెళ్లాలి, సిరంజి పంపులో గంటకు ఎంత వేగం పెట్టారు అన్నదీ రెండో వ్యక్తి చూడాలి. మోతాదు సరిగ్గా ఉన్నా వేగం తప్పితే ఫలితం అదే.

* మందు ఇచ్చాకే సమయం వేసి ఇద్దరూ సంతకం చేయాలి. ముందుగానే సంతకాలు చేసి ఉంచే అలవాటును పూర్తిగా మానుకోవాలి.

అన్ని మందులకూ కుదరదు

ఒక్కో వార్డులో పదుల సంఖ్యలో రోగులుంటారు. ప్రతి మాత్రకూ, ప్రతి ఇంజక్షన్‌కూ ఇద్దరు కావాలంటే పని సాగదు. సాగినా అది తంతుగా మారిపోతుంది. అందుకే తమ ఆసుపత్రిలో వాడే మందుల్లో అత్యంత ప్రమాదకరమైన వాటిని ఎంచి చిన్న జాబితా రూపొందించుకోవాలని నిపుణులు సూచిస్తున్నారు. ఆ జాబితా వార్డు గోడపై అందరికీ కనిపించాలి. అందులోని మందులకు మినహాయింపు ఉండరాదు. ప్రభుత్వ ఆసుపత్రులకు వర్తించే జాతీయ నాణ్యతా ప్రమాణాలు సైతం ప్రమాదకర ఔషధాలను గుర్తించి, గరిష్ఠ మోతాదులను సిబ్బందికి తెలియజేయాలని చెబుతున్నాయి. ప్రైవేటు ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే ఎన్ఏబీహెచ్ ప్రమాణాల్లోనూ ఈ మందుల ప్రస్తావన ఉంది.

ఒక్కరే ఉంటే ఏం చేయాలి?

రాత్రివేళ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సు ఒక్కరే ఉండటం సర్వసాధారణం. అలాంటిచోట రెండో వ్యక్తి ఎక్కడి నుంచి వస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. కేంద్రంలో వైద్యాధికారి ఉంటే ఆయనే రెండో వ్యక్తి కావచ్చు. ఎవరూ లేనప్పుడు మందు సిద్ధం చేశాక ఒక్క నిమిషం దాన్ని పక్కనబెట్టి, రోగి నాడి చూడటం వంటి మరో పని చేసి, తిరిగి వచ్చి మొదటి నుంచి లెక్కించాలి. లేబుల్‌ను పైకి చదవాలి. తొలి లెక్క ప్రభావం నుంచి మెదడు కొంతైనా బయటపడటానికి ఈ విరామం దోహదపడుతుంది. మెగ్నీషియం సల్ఫేట్ వంటి మందులకు ఎన్ని యాంపుల్స్, ఎంత నీరు అన్నది ముందే పట్టికగా రాసి కాన్పు గది గోడకు అంటిస్తే అత్యవసర వేళ లెక్క వేయాల్సిన భారం తప్పుతుంది.

గుండె ఆగిన రోగికి చికిత్స చేస్తున్నప్పుడు విడివిడి లెక్కలకు సమయం ఉండదు. అప్పుడు వైద్యుడు చెప్పిన మందును, మోతాదును నర్సు బిగ్గరగా తిరిగి చెప్పి, ఆయన అవునన్నాకే ఇవ్వాలి. వాడిన యాంపుల్స్ అన్నీ చివరి వరకు ట్రేలోనే ఉంచాలి.

మనిషి జాగ్రత్త ఒక్కటే చాలదు

రెండో లెక్క చివరి కంచె మాత్రమే. అంతకు ముందే అడ్డుకట్టలు ఉండాలి. గాఢమైన పొటాషియం యాంపుల్స్‌ను సాధారణ వార్డు అరల్లో ఉంచకూడదన్న నియమాన్ని అమెరికాలోని ఆసుపత్రుల గుర్తింపు సంస్థ 2003లోనే తన భద్రతా లక్ష్యాల్లో చేర్చింది. మన ఆసుపత్రుల్లోనూ వీటిని తాళం వేసిన వేరే అరలో, ఎర్ర చీటీ అంటించి భద్రపరచాలి. ఒకేలా కనిపించే సీసాలను, ఒకే మందు రెండు గాఢతలను పక్కపక్కన పెట్టరాదు. ఇన్సులిన్‌ను ఒకే గాఢతలో కొనుగోలు చేసి, దానికి తగ్గ సిరంజిలనే వార్డుకు పంపితే సగం చిక్కు తీరుతుంది.

వైద్యుల వంతూ ఉంది. మందుల చీటీలు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని అప్పటి భారత వైద్య మండలి 2016లో నిబంధన తెచ్చింది. 'యూనిట్లు' అన్న మాటను పూర్తిగా రాయాలి. దశాంశ బిందువు తర్వాత అనవసర సున్నా వేయరాదు. 1.0 అని రాస్తే చుక్క చెరిగి 10 అవుతుంది. చుక్కకు ముందు సున్నా లేకుండా .5 అని రాస్తే అది 5 అవుతుంది.

దాచిపెడితే నేర్చుకునేదేమీ ఉండదు

2017 డిసెంబరులో అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక నర్సు మత్తు మందుకు బదులుగా కండరాలను స్తంభింపజేసే మందును యంత్ర హెచ్చరికలను దాటవేసి తీసి ఇవ్వడంతో వృద్ధురాలైన రోగి మరణించారు. తన తప్పును ఆ నర్సు అంగీకరించారు. 2022 మార్చిలో న్యాయస్థానం ఆమెను నేరస్థురాలిగా తేల్చింది. మే నెలలో మూడేళ్ల ప్రొబేషన్ విధించింది. ఒక ప్రాణం పోయినప్పుడు బాధ్యత ఉండాల్సిందే. అయితే తప్పు ఒప్పుకొంటే జైలేనన్న భయం పెరిగితే ఇకపై ఎవరూ నోరు విప్పరని ఆ దేశ నర్సుల సంఘాలు ఆందోళన వ్యక్తం చేశాయి.

ఈ హెచ్చరిక మనకూ వర్తిస్తుంది. రెండో నర్సు పట్టుకున్న ప్రతి పొరపాటూ ఒక పాఠం. రోగికి చేరకముందే ఆగిన తప్పును రాసిపెట్టి, నెలకోసారి అందరూ కూర్చుని చర్చిస్తే అదే తప్పు మరో వార్డులో జరగదు. మెమోలకు భయపడి దాచిపెడితే ఆ తప్పు మరో రాత్రి, మరో మంచం వద్ద ఎదురుచూస్తుంది.

రోగుల బంధువులూ తోడ్పడాలి

* గతంలో ఏదైనా మందు పడకపోతే ఆ విషయాన్ని ప్రతి షిఫ్టులోనూ నర్సుకు చెప్పాలి. ఇంటి వద్ద వాడే మందుల చీటీని వెంట తేవాలి.

* ఇది దేనికిచ్చే మందని మర్యాదగా అడగడంలో తప్పులేదు. రోజూ ఇచ్చే మందుకు భిన్నంగా కనిపిస్తే తప్పక అడగాలి.

* నర్సు మందు తీస్తున్నప్పుడు మాటల్లోకి దింపవద్దు. బిల్లుల గురించి, డిశ్చార్జి గురించి ఆ రెండు నిమిషాలు ఆగి అడగవచ్చు.

* త్వరగా అయిపోవాలని సెలైన్ గొట్టానికి ఉండే చక్రాన్ని సొంతంగా తిప్పవద్దు. ఆ సీసాలో పొటాషియం కలిపి ఉంటే ఆ తొందర ప్రాణాంతకం కావచ్చు.

* మరో నర్సును పిలిచి సరిచూస్తుంటే 'ఈమెకు పని రాదు' అనుకోవద్దు. తెలిసినవారే మరొకరిని పిలుస్తారు.

రెండో లెక్కకు పట్టేది కొద్ది నిమిషాలే. ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ఒక కాగితం, ఒక కలం, 'ఆగండి సిస్టర్, నా లెక్క వేరుగా వస్తోంది' అని జూనియర్ నిర్భయంగా చెప్పగలిగే వాతావరణం ఉంటే చాలు. ఆ వాతావరణాన్ని కల్పించాల్సిన బాధ్యత సూపరింటెండెంట్లు, వైద్యులు, హెడ్ నర్సులందరిపైనా ఉంది.